చుక్కడి గజ్జెలు విప్పించిన రోజు

ఇంతవరకూ ఎవరితోనూ నోరు తెరిచి అనని మాట ఇది: గుర్రాల గురించి పుంగనూరంతా ఉపన్యాసాలిచ్చే నేను గుర్రం కాలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. తన్నుతుందని భయం. ఆ భయమేదో ముందే ఒప్పుకునుంటే నిన్న సంతవీధిలో అన్ని కుండలు పగిలేవి కావు, మా నాయన నాతో మాట్లాడటం మానేసేవాడూ కాదు.

మాది జట్కాబండి. పెట్రోలు రేషను పుణ్యమా అని బస్సులు తగ్గి బండికి గిరాకీ పెరిగింది. కుప్పంలో కొన్న గుర్రం, పేరు చుక్కడు. మా ఇల్లు గడిచేది వాడి కాళ్ళ మీదే. వాటిలో ముందరి ఎడమకాలు వంచినప్పుడల్లా టక్కుమంటుంది! బడి మానేశాక, పాత సామాన్ల అంగట్లో దొరికిన ఇంగ్లీషు గుర్రాల పుస్తకం డిక్షనరీ పెట్టుకుని చదివినదాన్ని కదా, ఊరుకుంటానా? "కీలు అరిగిపోతాండాది నాయనా" అని రోజూ పోరు పెట్టాను.

మదనపల్లె నుంచి పశువుల డాక్టరు మా వీధికి వస్తే పట్టుకున్నాను. ఆయన ఆ కాలు వంచి, నిమిరి, నవ్వాడు. నవ్వడమేంటండీ!

"మన వేళ్ళు విరుచుకుంటే టక్కుమనవా అమ్మాయ్? ఇదీ అంతే. కుంటితే, వాస్తే, పట్టుకుంటే వేడిగా ఉంటే అప్పుడు కంగారు పడాల. ఉత్త చప్పుడుకు కాదు."

"ఈ గజ్జెల మోతలో మీకేం వినిపించింది సార్?" అన్నాను, వీధిలో అందరి ముందూ.

ఆయన వెళ్ళిపోయాడు గానీ నా మంట చల్లారలేదు. నిన్న పంతం కొద్దీ చుక్కడి మెడలో గజ్జెలు నాయన చేతనే విప్పించాను.

"గజ్జెలు లేకుండా సంతకు యాల పోవల్లమ్మా?"

"సప్పుడు యాడినుంచి వస్తాందో ఇని తేల్చేస్తా. నువ్వు తోలు నాయనా."

నాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఊహ తెలిసినప్పటి నుంచీ బండి తోలుతున్న మనిషి, నా మాట వినడమేంటి? ఒక్క కసురు కసిరుంటే పోయేది కదా!

సంతవీధిలో ముందుకు వంగి చెవి రిక్కించాను. నాయన "పక్కకు! పక్కకు!" అని కేక పెట్టబోతే, "అరవొద్దు, ఇనపడల్యా!" అని కసిరాను. పాపం, నోరు మూసుకున్నాడు. గజ్జెలు లేవు, కేకా లేదు. ముందు కావడిలో కుండలు మోసుకుపోతున్న మనిషికి వెనక బండి వస్తోందని ఎట్లా తెలుస్తుంది? ఆఖరి క్షణంలో నాయన పగ్గాలు లాగాడు. చుక్కడు జారి, కల్వర్టు రాయికి ఆ ఎడమకాలి మోకాలే కొట్టుకుని కూలబడ్డాడు. బండి నొగ తగిలి కుండలన్నీ ఫెళ్ళుమన్నాయి.

కావడి మనిషి నాయన చొక్కా పట్టుకున్నాడు. "దొంగబండి తోల్తాండావా అప్పా? గజ్జెలు యాడ?"

"మా పాప సప్పుడు ఇనల్లనింది అప్పా."

"ఇనిందా మరి?"

సంతంతా ఒకటే నవ్వు. ఒక్కొక్కర్నీ కరవాలన్నంత కోపం వచ్చింది నాకు!

ఈ పొద్దు లేచి చూస్తే చుక్కడు ఆ కాలు నేల మోపడం లేదు. "కుంటిగుర్రం బండికి పనికొస్తాదా? వీడు పోతే మనం ఏం తినేది?" అన్నాడు నాయన. నాతో కాదు, గోడతో. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపి ఆ మోకాలు పట్టుకున్నాను. వాడు తన్నలేదు, వణికాడు. మోకాలు బూరెలా పొంగి, పొయ్యి మీది పెనంలా కాలిపోతోంది. ఒక్క అడుగు వేయించి విన్నాను. టక్కు లేదు! నేను ఇన్నాళ్ళూ కోరుకున్న నిశ్శబ్దం ఇదేనేమో, నా మొహం!

మదనపల్లె బస్సు ఇక రేపటికే. పోస్టాఫీసులో ఫోను ఉంది. ఏమని చెప్పేది? "కుంటుతోంది, వాచింది, వేడిగా ఉంది. మీరు కంగారు పడమన్నవన్నీ నేనే స్వయంగా తయారుచేశాను సార్, ఇప్పుడన్నా రండి" అనా? సరే, అట్లాగే అంటాను. పోస్టాఫీసు మూసేలోపల పోయి డాక్టరుకి ఫోన్ చేస్తాను.