పూడిక మట్టి తోలిన సగం

మా బాబాయి చేను అడవిపొలం అనే ఊళ్లో మురుగు కాలువ పక్కనే ఉంటుంది. రెండేళ్ల కిందట వేసవిలో కాలువ పూడిక తీసి గట్టున పోస్తే, ఆ నల్లమట్టిని ట్రాక్టరుతో తోలించి చేలో సగానికి చల్లించాడు. పూడిక మట్టి తోలితే చేను బలపడుతుందని మా వైపు అందరూ చేసే పనే. రెండో సగానికని ఇంకో కుప్ప గట్టు మీద ఉంచుకున్నాడు.

తరవాత వచ్చిన సార్వా పంటలో, మట్టి తోలిన సగంలోనే వరి పాలిపోయింది. ఇంకో విడత యూరియా వేస్తే కొంచెం పచ్చబడి మళ్లీ పసుపు రంగుకు తిరిగింది. ఈ ఏడు మినుములోనూ అదే తేడా కనిపించేసరికి నన్ను పిలిచాడు. నేను నేలల రసాయనశాస్త్రం చదువుకుని కాకినాడలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను.

ముందు మామూలు కారణాలు చూశాను. ఉప్పు రెండు సగాల్లోనూ ఒకేలా ఉంది. నీరు ఎక్కడా నిలవడం లేదు. విత్తనం ఒకే బస్తాలోది. అప్పుడు రెండు వైపుల నుంచీ మినప మొక్కల్ని వేళ్లతో తవ్వి తీసి, బకెట్లో కడిగి, వేళ్ల మీది బుడిపెల్ని బ్లేడుతో కోశాను. ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. పనిచేసే బుడిపె లోపల గులాబీ రంగులో ఉంటుంది. మట్టి తోలని వైపువి అలాగే ఉన్నాయి. తోలిన వైపు బుడిపెలే తక్కువ, ఉన్నవి కూడా లోపల తెల్లగా ఉన్నాయి.

"రంగు చూసి చెప్పేత్తావా? జాతకమా ఏంటి?" అన్నాడు బాబాయి.

"రంగొక్కటే చాలదు బాబాయ్. మట్టి పరీక్ష చేయిస్తాను."

కుప్పలోనూ, తోలిన సగంలోనూ సీసం, కాడ్మియం అనే విషలోహాలు ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువున్నాయని తేలింది. కాలువ ఎగువన కొన్నాళ్లు పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉండేది. అక్కణ్ణించే వచ్చాయనడానికి నా దగ్గర రుజువు లేదు.

"ఎండలకి పోదా?" అన్నాడు బాబాయి, చేను గట్టు మీద కూచుని.

"పోదు. పేడలా కుళ్లేది కాదది. నువ్వేసే యూరియాని మొక్కకి అందేలా మార్చేది కూడా మట్టిలో జీవాలే. వాటికే దెబ్బ తగిలింది. గింజ పరీక్ష చేయించేదాకా ఆ సగంలోది వండొద్దు, అమ్మొద్దు."

మోకాళ్ల నొప్పులతో, వచ్చే ఏడు చేను కౌలుకిచ్చేద్దామని అనుకుంటున్నాడాయన. "ఈ మాట బయటికొత్తే కౌలుకెవడొత్తాడు? ఎవరితోనూ అనకు," అన్నాడు. సరేనన్నాను, ఇష్టం లేకుండానే.

మేం గట్టు మీద ఉండగానే పక్క చేను రైతు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. "అన్నయ్యగారూ, ఆ కుప్పింకా తోలలేదేంటండి? వడియాలెండబెట్టినట్టు ఎండబెడుతున్నారు. మీకక్కర్లేపోతే నేను పట్టుకుపోతానండి."

"నాకే కావాలయ్యా."

"పోనీ, రెండు ట్రక్కులిప్పించండి. బెండ మడికి."

బాబాయి నా వైపు చూశాడు.

"తట్టెడు కూడా వద్దు. అందులో సీసం ఉందంట. నా చేను సగం దాంతోనే పాడైంది. మావోడు పరీక్ష చేయించాడు," అన్నాడు బాబాయి.

ఆ రైతు ఇంజను ఆపాడు. ట్రాక్టరు దిగి కుప్ప దగ్గరికొచ్చాడు.

"పోయినేడు బెండ మడి ఓ వారకి ఇందులోదే వేశానండి. ఆ కాయలే ఇంట్లో వండుతున్నాం."

బాబాయి కర్ర సాయంతో లేచాడు. "సంచీ తేరా," అన్నాడు నాతో. "ముందు ఆళ్ల మడికాడికి పద. మట్టీ తియ్యి, కాయలూ కొయ్యి."