లివర్ మీద చెయ్యి

రేవులో ఆయన్ని అందరూ కుదురులేనాయన అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. టీ తాగుతూ లేస్తాడు, మాట్లాడుతూ నడుస్తాడు, బలవంతాన కూర్చోబెడితే మోకాలు ఊపుతాడు. ఆయన పెళ్ళి ఫోటోలో కూడా పెళ్ళికూతురు కళకళలాడుతూ ఉంటుంది, పెళ్ళికొడుకు ముఖం మాత్రం చెదిరిపోయి ఉంటుంది. ఇలాంటి మనిషి పడవల్ని నీళ్ళలోంచి ఒడ్డెక్కించే పనిలో పడ్డాడంటే నవ్వొస్తుంది. ఆ పనికి కావలసిందే తాపీ.

పని చెప్పుకోవడానికి సులువే. జీపు వెనక ట్రెయిలర్ తగిలించుకుని రేవులోని సిమెంటు వాలు మీద వెనక్కి దిగాలి. ట్రెయిలర్ నీళ్ళలో మునిగాక పడవను దానిమీదికి లాగి కట్టాలి. ఆపైన నెమ్మదిగా ఎక్కాలి. ఆ వాలంతా పాచి. చెప్పులేసుకున్న మనిషికే కాలు నిలవదు, ఇక బరువు లాగే టైర్ల సంగతి వేరే చెప్పాలా? అందుకే గేరు పక్కన ఇంకో చిన్న లివర్ ఉంటుంది. అది వేస్తే వెనక చక్రాలతో పాటు ముందువీ లాగుతాయి.

వయసులో ఉన్నప్పుడు ఆయనకు ఆ లివర్ ముట్టుకోవడం నామోషీ. రేవు డ్రైవర్లందరికీ అదే రోగం. చక్రాలు జారి గిర్రున తిరిగాక గానీ దానిమీద చెయ్యి వేయకూడదు, ముందే వేస్తే చేతకానివాడి కింద లెక్క. ఒక వానాకాలం ఉదయం ఆయన అలాగే గొప్పకు పోయాడు. చక్రాలు జారాయి. బండి పడవతో సహా వెనక్కి వచ్చేసింది. వెనక తాడు పట్టుకుని నిలబడ్డ భార్య పాదం ట్రెయిలర్ చక్రం కింద పడింది. ఆవిడ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. దాని గురించి ఒక్కనాడూ మాట అనలేదు. తిట్టి ఉంటే ఆయన ఎప్పుడో తేరుకునేవాడేమో.

ఆ రోజు నుంచి ట్రెయిలర్ తగిలిస్తే చాలు, లివర్ పడాల్సిందే. పాచి అయినా సరే, కాళ్ళు కాలే తారురోడ్డయినా సరే. మలుపుల్లో బండి మూలిగేది, స్టీరింగు మొరాయించేది. "బరువు కదా, మూలగదా?" అని కొట్టిపారేసేవాడు. రెండుసార్లు లోపలి గేర్లు విరిగాయి. రెండోసారి మెకానిక్ తల పట్టుకున్నాడు.

"మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. ఈ బండిలో లివరేస్తే రెండిటినీ కలిపి కట్టేసినట్టే. బురదలోనో పాచిమీదో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన రోడ్డు మీద ఎక్కడికి జారుతుంది? అందుకే లోపల విరుగుతోంది. వెనక బరువుందా లేదా అని కాదయ్యా, కింద నేల ఎలా ఉందో చూడు. జారేచోట ముందే వెయ్యి, గట్టినేల రాగానే తీసెయ్యి."

ఆయన బుద్ధిగా తలూపాడు. మర్నాడు మళ్ళీ షరా మామూలే.

కళ్ళు మసకబారి డాక్టరు బండి నడపొద్దన్నాక స్టీరింగు కోడలి చేతికి వచ్చింది. కొడుకు ఐసు ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు, వాడికి బండెక్కితేనే వాంతులు. కోడలు పెళ్ళికి ముందు పాలవ్యాను నడిపిన మనిషి. మాట తక్కువ, చెయ్యి నిలకడ. మావగారు పక్క సీటులో కూర్చుని, ఆమె లివర్ తీసినప్పుడల్లా దొంగలా మళ్ళీ వేసేవాడు. ఆమె ఓపిక పట్టింది, పట్టింది, చివరికి నిన్న వంటింట్లో అత్తగారి ముందే తేల్చేసింది.

"మావయ్యా, ఇంకొక్కసారి మీ చెయ్యి దానిమీద పడిందో, నేను దిగిపోతాను. మళ్ళీ ఎక్కను. పాలవ్యాను వాళ్ళు రమ్మంటూనే ఉన్నారు."

ఆయన భార్య వైపు చూశాడు.

"నావైపేం చూస్తారు? అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది?" అందావిడ.

కోడలు దిగిపోతే నడిపే దిక్కు లేదు, బండి అమ్మేయాలి. అమ్మేస్తే పొద్దస్తమానం ఇంట్లో కూర్చోవాలి. ఆ ఊహకే ఆయనకు ఊపిరాడలేదు.

ఈ ఉదయం రేవు దాటించే పడవవాడు తన పడవ అడుగున చిల్లి పడిందని కబురు పెట్టాడు. పడవను ఒడ్డెక్కించి మరమ్మతు షెడ్డుకు చేర్చాలి. వాన వెలిసి చాలాసేపయింది. పైన రోడ్డు ఎండకు ఆరిపోయింది గానీ వాలు మీద పాచి ఉబ్బి నిగనిగలాడుతోంది.

కోడలు పడవను కట్టించి వచ్చి కూర్చుంది. బండి కదిలించకముందే లివర్ వేసింది. యాక్సిలరేటర్ మీద కాలు అదిమీ అదమనట్టు పెట్టి ఎక్కించింది. చక్రం ఒక్కసారి కూడా జారలేదు. ఆయన మాత్రం చేతులు రెండూ తొడల కింద దోపుకుని కూర్చున్నాడు.

పైకి రాగానే ఆమె ఆపి, లివర్ తీసేసి, మళ్ళీ కదిలించింది. ఎదురుగా గోదాము గోడ పక్క నుంచి ఇరుకు మలుపు. ఆయన అద్దంలో చూశాడు. పడవవాడు తన పడవ మీద చెయ్యి వేసి, ట్రెయిలర్ వెనకే నడిచి వస్తున్నాడు. మసక కళ్ళకు మనిషి ఆనలేదు, వెనక ఎవరో ఉన్నారన్నదే ఆనింది. ఆనాడు చక్రం కింద పడ్డ భార్య పాదం కళ్ళముందు మెదిలింది. చెయ్యి ఎప్పుడు బయటికొచ్చిందో ఆయనకే తెలియదు. లివర్ పడింది.

కోడలు బ్రేకు వేసింది. ఇంజను ఆపి సీటుబెల్టు విప్పింది.

"ఉండమ్మా, ఉండు! నువ్వు దిగకు. నేను దిగుతా," అంటూ ఆయన గబుక్కున దిగేశాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

ఆమె మళ్ళీ బెల్టు పెట్టుకుని ఇంజను వేసింది. తర్వాత లివర్ తీసి, పడవవాణ్ణి పక్కకు తప్పుకోమని సైగ చేసి, బండి కదిలించింది. మలుపులో మూలుగు కోసం ఆయన చెవులు రిక్కించాడు. జీపు తిరిగింది, వెనకే ట్రెయిలర్ తిరిగింది. మూలుగు లేదు. పడవ లోంచి కారే నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అదే బరువు, అదే మలుపు. ఇన్నేళ్ళూ ఆ బండిని తనే ఏడిపించాడని ఆయనకు అప్పుడు తెలిసింది. తను లేకుండా అది హాయిగా వెళ్ళిపోవడం చూస్తే మనసు కాస్త చివుక్కుమంది కూడా.

మలుపు దాటి బండి ఆగింది. కోడలు వంగి ముందు తలుపు తెరిచింది.

ఆయన వడివడిగా వచ్చి, ఆ తలుపు మూసేసి, వెనక తలుపు తీసి ఎక్కాడు.

"అదేంటి మావయ్యా, ముందుకు రండి."

"ఇక్కడైతే నా చెయ్యి అందదమ్మా. బండి పోనియ్యి," అన్నాడు ఆయన, మోకాలు ఊపుతూ.