భుజం మార్చుకున్న చోట

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నిన్న నా కుడిచెయ్యి పైకెత్తి, "ఫ్రోజెన్ షోల్డర్ మేడమ్, నొప్పి ఎట్లుంది?" అని అడిగితే, నొప్పేమీ లేదమ్మా, మొద్దుబారినట్టుంది అన్నాను. నా ఈడువాళ్లకు ఇది కొత్త బాధ కాదు. షోల్డర్ అన్న మాట వింటే మాత్రం నాకు చైతన్యపురిలో ఇంగ్లీషు చెప్పిన రోజులూ, నేను బాపు అని పిలిచే మా నాన్నా గుర్తుకొస్తారు.

వారానికొక శరీరభాగం పేరు తీసుకుని దాని పుట్టుకా అర్థాలూ చెప్పడం నా పద్ధతి. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఇంగ్లీషంటే భయం, ఒంటి మీద ఉన్నదాంతో మొదలుపెడితే అది పోతుందని నా నమ్మకం. పూర్వం జంతువుల భుజపుటెముకను పారలా వాడి మట్టి తవ్వేవారనీ, అక్కడి నుంచే షోల్డర్ వచ్చిందని కొందరంటారనీ ఎత్తుకుని, ఎల్బీనగర్ దాటాక రోడ్డంచున లారీలు ఆగే మట్టిపట్టీ షోల్డరే, బాధ్యత నెత్తిన వేసుకోవడమూ షోల్డరే, ఏడవడానికి ఆనుకునే మనిషీ షోల్డరే అని చెప్పుకుంటూ పోయేదాన్ని. నాకు మాత్రం ఆ మాటంటే, వినాయక నిమజ్జనం నాడు సరూర్‌నగర్ చెరువు గట్టున, జనం తలల మీదుగా నీళ్లు కనబడేలా నన్ను కూర్చోబెట్టుకున్న బాపు భుజమే.

బాపుకు నేనొక్కదాన్నే. ఆయన పోయినప్పుడు పాడె నేనూ మోస్తానన్నాను. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చిన బాపు తమ్ముడు, మా చిన్నాయన, ససేమిరా అన్నాడు. "ఆడపిల్ల పాడె పట్టుడేంది? నలుగురు నవ్వుతరు." నేను వాదించలేదు, లోపల ఏమీ కదలడం లేదు, వెనకాలే నడిచాను. దారిలో దింపుడుకల్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్లు లేస్తారేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, చిన్నాయన వంగి "అన్నా" అని పిలిచాడు. మూడోసారి పిలుస్తూ పాడె మీద తల ఆనించేశాడు. భుజాలు మార్చుకుని మళ్లీ ఎత్తే వేళకు ఆయన నేలమీదే కూలబడిపోయి, నా వంక చూసి, "జర నువ్వు పట్టు బిడ్డా" అన్నాడు. పట్టాను. వెదురు భుజానికి ఒరుసుకుంటున్నా బరువు తెలియలేదు, ఏడుపు రాలేదు. ఆ తర్వాత క్లాసులో షోల్డర్ అన్న మాట బోర్డు మీద రాసినప్పుడూ రాలేదు, నాకేమైందోనని భయం మాత్రం వేసింది.

మొన్న నాగోల్‌లో మా అపార్ట్‌మెంట్లో పక్కింటాయన పోయారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, ఆయనకిద్దరూ కూతుళ్లే. ఇప్పుడు ఆడపిల్లవని ఎవరూ ఆపరు, మేనమామే పెద్దమ్మాయిని మోయడానికి ముందుకు రమ్మన్నాడు. కానీ లిఫ్టులోంచి స్ట్రెచరు చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చింది, గేటు దగ్గర వైకుంఠరథం తలుపు తీసే ఉంది, డ్రైవరు లోపలికి తోసేశాడు. ఆ అమ్మాయి ఖాళీ చేతులతో నా వైపు తిరిగి, "ఆంటీ, నేనేం పట్టుకోవాలి?" అని అడిగింది. ఎక్కడ దించాలో, ఎక్కడ భుజం మార్చుకోవాలో తెలిసిన పెద్దవాళ్లం చాలామందిమే ఉన్నాం అక్కడ. బండి కదులుతోంది, ఎక్కమ్మా అన్నాను.