అరిగిపోయిందని నేను రాసిన శాసనం

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. అది అచ్చులో ఉంది. మీకు నా పేరు చెప్పే ధైర్యం లేదు. జనగామలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ని, అంతవరకు తెలిస్తే చాలు.

కురవికి అవతల ఒక లంబాడీ తండా, దాని పక్కన చిన్న శివాలయం ఉన్నాయి. ఆ గుడి చరిత్ర రాయడానికి వెళ్లినప్పుడు నేను శివదీక్షలో ఉన్నాను. గుడి వెనక, జాతరనాడు మొక్కుబడి యాటలు, అంటే మేకపోతులు, కోసే చోట, అక్షరాలున్న రాయి కనిపించింది. నెత్తురు మరకల రాయిని మాలతో ముట్టుకోవడమా అని నా చేయి వెనక్కి వచ్చింది. తండాలో ఉండే బూలి అవ్వ బిందెడు నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచింది. తడి కాగితం పరిచి, సిరా అద్ది అచ్చు తీశాను. అక్షరాలు స్పష్టంగా వచ్చాయి. ఆమె అడిగితే పైకి చదివాను కూడా. ఎడ్ల బిడారుతో వచ్చిన లచ్చు నాయకుడు ఈ గుడి కట్టించాడు, జాతరలో మొదటి యాట అతని వంశానిది. లచ్చు నాయకుడు అవ్వ ముత్తాతకు తాత. ఆమె ఏడ్చింది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకు? విభూతి, మారేడు దళం తప్ప మా దేవుడికి ఇంకేదీ పనికిరాదని నమ్ముతూ పెరిగినవాణ్ని. ఆయనకు గుడి కట్టినవాడు యాటను కోసి మొక్కినవాడా? పుస్తకంలో ఒక్క వాక్యం రాశాను. శాసనం అరిగిపోయింది, చదవడానికి వీలులేదు. ఎవరో రాజు కట్టించి ఉంటాడని ఊహ జోడించాను. శాలువా కప్పి, నిష్పక్షపాతంగా రాశానని పొగిడారు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, నాలో నిష్పక్షపాతం అంత.

తర్వాతి జాతరకు గుడి కమిటీవాళ్లు నా పుస్తకం చూపించి తండావాళ్ల మొదటి యాట ఆపేశారు. రాయిని పాతిపెట్టి పైన టైల్స్ వేశారు. అవ్వ బస్సెక్కి జనగామ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"సారూ, మా తాత పేరు నువ్వే గద చదివి చెప్పినవ్. గిప్పుడు అరిగిపోయిందని ఎట్ల రాసినవ్? ఒక్కపారి వచ్చి గా కమిటోళ్లకు చెప్పు. నీ మాటైతే ఇంటరు."

"నాకు యాదికి లేదవ్వా."

"యాదికి లేదా? మంచిది సారూ."

వెళ్లిపోయింది. మంచినీళ్లు తాగి పొమ్మని కూడా నేను అనలేదు. థూ, ఏం చదువు నాది?

భక్తి ఉన్నవాడు తన దేవుడి గుడి కట్టినవాడి పేరు చెరిపేస్తాడా, లేక భక్తి ఉంది కాబట్టే చెరిపానా? రెండోదే నిజమని తెలుసు కనకే నా మీద నాకింత కోపం. ఎవరైనా ఆధారాలు దొరకలేదని రాస్తే, దొరికాక ఎక్కడ దాచావురా అని అడగాలనిపిస్తుంది.

అవ్వ ఇప్పుడు లేదు. మహబూబాబాద్‌లో డిగ్రీ చదివే ఆమె మనవరాలు మొన్న నాకొక వ్యాసం పంపింది. వాళ్ల తండా పక్క గుడి గురించి. గుడి ఎవరో రాజు కట్టించాడని రాసి, కింద నా పుస్తకం పేరు వేసింది. తప్పులుంటే దిద్దమంది.

ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేశాను. శాసనం అరగలేదు, చదివింది నేనే, దాచింది నేనే అని పక్కన రాసి సంతకం పెట్టాను. దాచుకున్న అచ్చు కూడా జతచేసి పోస్టు చేశాను. క్షమించమని రాయలేదు. గుండె కొంచెం తేలికైంది, దానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.