చెంగయ్య అరవైమూడు పాయింట్లు

పోయిన కార్తీకంలో ఒకరోజు, పొద్దు పొడిచిన కాసేపటికి, చెంగయ్య బోటును నీళ్లలోకి తోయించి ఇంజను పక్కన బిగించి ఉన్న జీపీఎస్ మీట నొక్కాడు. రోజూ అయితే ముందు నీలిరంగు వస్తుంది, తర్వాత తీరం గీత కనిపిస్తుంది, ఆ గీతకు కుడివైపున ఒకటొకటిగా ఎర్రచుక్కలు వెలుగుతాయి. ఆ రోజు నీలిరంగు వచ్చి అక్కడే ఆగిపోయింది. మధ్యలో ఒక తెల్లటి గడి, దాంట్లో రెండు వరుసల ఇంగ్లీషు. ఆపి మళ్లీ నొక్కాడు. బ్యాటరీ తీగలు పీకి, ఉప్పు గీకి, మళ్లీ తగిలించాడు. అదే గడి. అవే రెండు వరుసలు.

బోటులో ఉన్న ముగ్గురూ ఆయన మొహంలోకి చూశారు. చెంగయ్య బోటును వెనక్కి తిప్పించాడు. అలలు లేవు, గాలి అనుకూలంగా ఉంది. అలాంటి రోజున చెంగయ్య వేటకు పోకుండా తిరిగి రావడం ఆ పాలెంలో ఎవరూ చూడలేదు.

బోగోలు మండలంలో సముద్రానికి ఆనుకుని ఉన్న పట్టపుపాలెం వాళ్లది. చెంగయ్యకిప్పుడు యాభై ఏడేళ్లు. పదకొండో ఏట తండ్రితో కలిసి తెప్ప ఎక్కాడు. అయిదో తరగతి పుస్తకాలు బడిలోనే ఉండిపోయాయి. తండ్రి తాటిచెట్లనూ సరుగుడు తోటల కొసలనూ కలిపి చూసుకుని చోటు గుర్తుపట్టేవాడు. ఫైబరు బోట్లు వచ్చి, ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం పోవడం మొదలయ్యాక ఆ విద్య అక్కరకు రాలేదు. నాలుగు పక్కలా నీళ్లే ఉన్నచోట ఏ చెట్టును చూసి గుర్తుపెట్టుకోవాలి? అందుకని పద్నాలుగేళ్ల కింద, బోటు కొన్న ఏడే, చెంగయ్య ఈ జీపీఎస్ పెట్టె కొన్నాడు.

సముద్రం అడుగున రాతి దిబ్బలుంటాయి. వాళ్లు వాటిని పారలంటారు. పార చుట్టూ వంజరం చేపలు తిరుగుతాయి, చందువాలు మేస్తాయి. వల కొంచెం పక్కకు జరిగితే రాయికి తగులుకుని చిరిగిపోతుంది కూడా. అందుకే పార ఉన్న చోటు సరిగ్గా తెలిసినవాడే అక్కడ నిలబడగలడు. చెంగయ్య గుండుతాడు వేసి లోతు చూస్తూ, వలలు చింపుకుంటూ, ఒక్కొక్క పారనే కనిపెట్టి, కనిపెట్టిన చోటల్లా మీట నొక్కి చుక్క పెట్టుకున్నాడు. ఆ చుక్కలకు పేర్లు పెట్టడం కోసమే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లలో అరవైమూడు పాయింట్లయ్యాయి.

వాటిని ఎవరికీ చెప్పేవాడు కాదు. బోటులోకి కొత్త మనిషి ఎక్కితే పెట్టె మీద తువ్వాలు కప్పేవాడు. వెనక ఇంకో బోటు వస్తోందనిపిస్తే ఉత్తరానికి పోవలసినవాడు దక్షిణానికి పోయి, గంటసేపు ఉత్తుత్తి వల వేసి, ఆ బోటు విసిగి పోయాక దారి మార్చేవాడు. సొంత బావమరిది అడిగినా నవ్వి ఊరుకున్నాడు. మనిషి పిసినారి కాదు, పట్టిన చేపల్లో పాలెంలో అందరికీ పంచుతాడు. పాయింటు మాత్రం ఇవ్వడు. ఆయన గురించి పాలెంలో అందరికీ తెలిసిన సంగతి ఇదే.

మూడో రోజున ఆ పెట్టెను తువ్వాలులో చుట్టుకుని నెల్లూరు పోయాడు. అలాంటి మిషన్లు బాగుచేసే చిన్న దుకాణంలో వినీల అనే అమ్మాయి పనిచేస్తుంది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, తీగలు తగిలించి, చాలాసేపు చూసింది. తర్వాత మిషన్ బాగానే ఉందనీ, అందులో ఏదీ చెడిపోలేదనీ చెప్పింది. చెంగయ్యకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆమె మిగతాది చెప్పింది.

"కంపెనీ వాళ్లు ఈ మోడల్‌కి సర్వీసు ఆపేసినారన్నా. అప్పుడప్పుడూ వాళ్ల కంప్యూటరు అవునని చెప్తేనే ఇది తెరుచుకుంటుంది. ఇప్పుడు అవునని చెప్పేదానికి అక్కడ ఏమీ లేదు."

"నా బోటులో ఉండే పెట్టెకి అవునని చెప్పేదానికి ఇంకొకడెవరమ్మా?"

వినీల పెట్టెను ఆయన వైపు తిప్పింది. మెల్లగా అర్థమయ్యేట్టు చెప్పబోయింది. మొదట్లో పాయింట్లన్నీ ఈ పెట్టెలోనే ఉండేవి. మూడేళ్ల కింద దీన్ని ఫోనుకు కలిపాక అవన్నీ కంపెనీ దగ్గరకు పోయాయి. అప్పటి నుంచీ ఈ పెట్టె వాటిని అక్కడి నుంచి తెచ్చి చూపిస్తోందంతే. చెంగయ్యకు గుర్తొచ్చింది. కంపెనీ మనిషి ఒకడు ఒడ్డుకే వచ్చి, ఇక మీదట పాయింట్లు పోవు, బోటు మునిగినా భద్రంగా ఉంటాయని చెప్పి, ఫోనులో పచ్చరంగు మీట చూపించాడు. తడి చేతిని లుంగీకి తుడుచుకుని తనే నొక్కాడు. దాని పైన వంద వరుసలు ఇంగ్లీషు ఉండింది. నాలుగు అక్షరాలు కూడబలుక్కునే మనిషి అదంతా ఎక్కడ చదువుతాడు?

విప్పి చూడమని బతిమాలాడు. వినీల పెట్టె వెనక మరలు చూపించింది. ఆ మరలు బజారులో దొరికే స్క్రూడ్రైవరుకు లొంగవు. కార్డు దూర్చే సందు ఉంది కానీ ఆ కంపెనీ కార్డు తప్ప ఇంకోటి పెడితే చదవదు. బలవంతంగా తెరిస్తే లోపల మిగిలినది కూడా చెరిపేసుకునేట్టు తయారుచేశారట. చెంగయ్య ఆ పెట్టె వంక చూశాడు. పద్నాలుగేళ్లు తన పక్కన నిలబడి ఎండకూ ఉప్పుకూ ఓర్చుకున్న వస్తువు. అది తనది కాదని ఆ క్షణం దాకా ఆయనకు తెలియదు.

ఇంటికి వచ్చి భార్య నాగులమ్మకు జరిగినదంతా చెప్పాడు. చేపలమ్మి వచ్చి గంప కడుగుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. పారల గురించి ఆమె అడగలేదు.

"చిన్నోడిది కూడానా?" అంది.

చెంగయ్య తల ఊపి అరుగు మీద కూర్చున్నాడు.

చిన్నోడంటే చిన్నపోలయ్య, చెంగయ్య తమ్ముడు. పన్నెండేళ్ల కింద ఇదే కార్తీకంలో గాలివాన ముంచుకొస్తే రెండు బోట్లూ ఒడ్డుకు తిరిగాయి. వెనక వస్తున్న తమ్ముడి బోటు ఒక అల మీదకు లేచి, మరో అల వచ్చేసరికి కనిపించలేదు. చెంగయ్య అక్కడే తిరుగుతూ నీళ్లలోంచి ఇద్దర్ని పైకి లాగాడు. తమ్ముడు దొరకలేదు. శవమూ కొట్టుకురాలేదు. తిరుగుతున్నప్పుడే ఎందుకు నొక్కాడో తెలియకుండా మీట నొక్కాడు. తర్వాత ఆ చుక్కకు పేరు పెట్టాడు. టి, ఎ, ఎమ్, యు, డి, యు. ఇంకో ఎమ్ కావాలని ఆయనకు తెలియదు. ప్రతి ఏడూ ఆ తిథినాడు బోటు అక్కడికి తీసుకుపోయి, పసుపు కుంకుమలూ పూలూ ఒక బీడీకట్టా నీళ్లలో వదిలి వస్తాడు. తమ్ముడికి సమాధి లేదు. ఉన్నదల్లా ఆ చుక్కే.

తిథికి పద్దెనిమిది రోజులుంది. ఒట్టి ఫోనులో సముద్రం పటం పెట్టుకుని చెంగయ్య మూడుసార్లు పోయాడు. తూర్పుకు ఎంతసేపు, ఈశాన్యానికి ఎంతసేపు అన్నది చేతికి అలవాటే. కానీ ఆ దారి ఎప్పుడూ చుక్క దగ్గరే ముగిసేది, చుక్క లేకపోతే ముగింపు లేదు. గుండుతాడు వేస్తే పద్దెనిమిది బారల లోతు. అర మైలు పక్కకు పోయి వేసినా పద్దెనిమిదే. మూడోసారి బోటు ఆపి కూర్చున్నప్పుడు, తను తమ్ముడి మీదుగా పోతున్నాడో, ఎక్కడో పరాయి నీళ్లలో తిరుగుతున్నాడో తెలియక బోటును ఒడ్డు వైపు తిప్పాడు.

అప్పుడే వినీల ఫోను చేసింది. ఆ అమ్మాయి ఊరికే కూర్చోలేదు. కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాసింది. ఇన్నేళ్లూ తమతో ఉన్నందుకు కృతజ్ఞతలని ఒక జవాబు వచ్చింది, అంతకుమించి ఏమీ లేదు. అయితే కొత్త మోడల్‌లో బోగోలు ముందరి నీళ్లలోనూ చుక్కలు కనిపిస్తున్నాయని ఒకాయన చెప్పాడట. పేరు ముఖేష్, మైపాడులో బోటు ఉంది, పోయి చూడమంది.

నాగులమ్మ తనూ వస్తానంది. ఇద్దరూ మరుసటి రోజు మధ్యాహ్నానికి మైపాడు చేరారు. ముఖేష్‌కు ముప్పై అయిదు దాటవు. మర్యాద తెలిసినవాడు. ఇద్దరినీ బోటులోకి ఎక్కించి, సోడాలు తెప్పించి, మిషన్ వేశాడు. తెర పెద్దది. తీరం గీత వచ్చింది, దాని కుడివైపున వందలకొద్దీ చుక్కలు వచ్చాయి. వేలు పెట్టి బోగోలు వైపుకు జరిపాడు.

చెంగయ్య తెర దగ్గరకు వంగాడు. పారలన్నీ అక్కడున్నాయి. తను నాలుగు వలలు చింపుకుని కనిపెట్టిన ఉత్తరపు పార, ఎవరికీ తెలియదనుకున్న జంట పార, అన్నీ తను పెట్టిన పేర్లతో, తను చేసిన తప్పులతో సహా ఉన్నాయి. రెండేళ్లుగా తన పారల మీద ఎవరివో తెగిన వలలు తగులుతుంటే, పెద్ద బోట్లు దారి తప్పి వస్తున్నాయనుకున్నాడు. చేప పలచబడితే సముద్రం మారిందనుకున్నాడు.

ముఖేష్ గర్వంగానే చెప్పాడు. కొత్త మోడల్ కొంటే చేపలు దొరికే చోట్ల పటం ఉచితంగా ఇస్తారట, అది చూసే కొన్నాడట. ఈ పక్క బోట్లన్నిట్లో ఉందట. ఒక చుక్క మీద వేలు పెట్టి, ఇది మహా మంచి చోటు మామా అంటూ పైకి చదివాడు. "నాగులు ఒకటి. ఇదిగో, నాగులు రెండు."

నాగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో మొగుడు ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ఆయన అన్నిటికన్నా మంచి పారలకు ఆమె పేరే పెట్టుకున్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది, అదీ పరాయి బోటులో, ముక్కూమొహం తెలియని మనిషి నోటి నుంచి.

చెంగయ్య లేచి నిలబడ్డాడు. చెయ్యి బోటు అంచును గట్టిగా పట్టుకుంది. ముఖేష్‌కు అప్పటికి సంగతి అర్థమై మొహం పాలిపోయింది. చెంగయ్య అతని వైపు తిరిగాడు.

"నువ్వు దొంగతనం చెయ్యలేదు నాయనా. నేను ఎవురికీ ఇయ్యలేదు. మరి ఇవి ఎట్టా పోయినాయి?"

"నాకు తెలీదు మామా. నీ ఒట్టు." కుర్చీలోంచి లేచి నిలబడ్డ ముఖేష్ ఉన్నట్టుండి తెర వైపు తిరిగాడు. "అయితే నావి?"

గబగబా కిందకు జరిపి మైపాడు ముందరి నీళ్లు చూశాడు. అక్కడ తను పెట్టుకున్న పచ్చచుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. నిన్నటి దాకా అవి తనకొక్కడికే కనిపిస్తున్నాయనుకున్నాడు. ఇప్పుడు ఎన్ని బోట్లలో, ఏ రేవుల్లో వెలుగుతున్నాయో. అతను కూర్చుండిపోయాడు.

నాగులమ్మే తేరుకుని, వచ్చిన పని అడిగింది. తమ్ముడి పేరుతో ఒకటుండాలి, చూడు నాయనా అంది. ముఖేష్ వెతకలేదు. తెరను నేరుగా ఒక చోటికి జరిపాడు.

"ఇదే కదత్తా? ఇది నాకు బాగా తెలుసు. మా బోటు అక్కడ వల వెయ్యదు."

ఎందుకని చెంగయ్య అడిగాడు.

"పారలకి ఎవరైనా పెళ్లాం పేరు పెడతారు, అమ్మోరి పేరు పెడతారు. చేపలు పట్టే చోటుకి తమ్ముడని ఎవరు పెడతారు మామా? ఏదో ఉండాదనిపించింది. మా వాళ్లకి చెప్పినా, ఆడికి పోవద్దని."

చెంగయ్య కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు గడ్డం దాకా కారనిచ్చాడు.

ముఖేష్ చెంగయ్య చుక్కలన్నిటి అక్షాంశ రేఖాంశాల అంకెలు కాగితం మీద రాసిచ్చాడు. తిథినాడు తనే బోటు తీసుకుని పాలెం వచ్చాడు. నాగులమ్మ పెళ్లయ్యాక మొదటిసారి సముద్రం లోపలికి పోయింది. అంకెలు కలిసిన చోట ఇంజను ఆపారు. ఆమె పూలు వదిలింది, చెంగయ్య బీడీకట్ట వదిలాడు. అది కాసేపు తేలి, తడిసి, మునిగింది. అరమైలు దూరంలో పేరు తెలియని బోటు ఒకటి వల లాగుతోంది. అది ఎవరి పార మీద నిలబడిందో చెంగయ్యకు తెలుసు. లేచి కేకేద్దామనుకున్నాడు. ఏమని కేకెయ్యాలో తోచక కూర్చున్నాడు.

ఇప్పుడు ఆయన దగ్గర గీతల నోటు పుస్తకం ఒకటుంది. అంకెలన్నీ దాంట్లో ఉన్నాయి. పాలెంలో ఎవరైనా అడిగితే ఇచ్చి రాసుకోమంటున్నాడు. అడిగినవాళ్లే ముందు నమ్మలేదు. ఊళ్లో వాళ్లకు దాచి లోకమంతటికీ పంచిపెట్టినవాడినయ్యానని భార్యతో ఒక్కసారి అన్నాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఎండాకాలంలో కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఒక ఆడమనిషి తెలుగులోనే, పాత మిషన్ తిరిగిస్తే కొత్తది తక్కువకు వస్తుందని వివరంగా చెప్పింది. చెంగయ్య వల బాగుచేస్తున్నవాడు పని ఆపి చివరిదాకా విన్నాడు. విని, "అమ్మా, ఆ కొత్తదాంట్లో నేను పెట్టే చుక్క ఎవురిది?" అని అడిగాడు. కనుక్కుని చెప్తాను, లైనులో ఉండమంది. చెవిలో ఏదో వాద్యం మోగడం మొదలైంది. ఆయన ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కి పట్టుకుని, తెగిన వల కన్ను ఒకటి ముడివేశాడు, ఇంకోటి వేశాడు. ఏడో ముడి దగ్గర లైను తెగిపోయింది.