నూకాలు ‘లేదండి’ అన్న ఒక్క ప్రశ్న

1899వ సంవత్సరం, గోదావరి ఎర్రగా పారుతున్న ఆగస్టు నెల. రాజమండ్రిలో ఆడవాళ్ళ ఆసుపత్రి, పన్నెండు మంచాల వార్డు. మూడేళ్ళ వైద్యం చదువుకి చివర క్లినికల్ పరీక్ష అని ఒకటుంటుంది. కూర్చుని జవాబులు రాసేది కాదు. ఒక రోగిని చూపిస్తారు. అరగంటలో ఆమెను ప్రశ్నలడిగి, ఒళ్ళు పరీక్షించి, జబ్బేమిటో మందేమిటో పరీక్షకుల ఎదుట చెప్పాలి. అంతకు ముందు ఏడాది నేను ఆ పరీక్షే తప్పాను. రెండోసారి కూడా తప్పితే క్లాసులోంచి పేరు కొట్టేస్తారు.

అప్పటికి మా బాబుకి నాలుగో నెల. మా అత్తయ్య వాణ్ణి తీసుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుంది. పక్కన పటికబెల్లం నీళ్ళూ, ఉగ్గుగిన్నే. “వాడి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు లోపలికెళ్ళు” అంది. వెళ్ళాను గానీ నా చెవులు వరండాలోనే ఉండిపోయాయి.

నాకంటే ముందు నా క్లాసు ఎస్తేరు వంతు. ఇద్దరికీ రోగి ఒకరే: మండపేట వైపు నుంచి చలిజ్వరంతో వచ్చిన నూకాలు. పాతికేళ్ళుంటాయి. పొలంపనుల్లో నల్లబడిన మనిషి, కళ్ళు మాత్రం పాలిపోయి ఉన్నాయి. పక్క మంచం మీద రావులపాలెం నుంచి వచ్చిన పేరంటాలమ్మ. కాలిపుండు మానిపోయినా, వార్డులో కాలక్షేపం బాగుందని ఇంటికి వెళ్ళకుండా ఉన్న ముసలమ్మ.

ఎస్తేరు పెర్కషన్ మొదలుపెట్టింది. ఎడమచేతి వేలు ఒంటి మీద ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తట్టి, శబ్దాన్ని బట్టి లోపల గాలి ఉందో, గట్టి అవయవం ఉందో తెలుసుకోవడం అది. పేరంటాలమ్మ కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

“ఏంటమ్మా, తలుపు తట్టినట్టు అలా తడుతున్నారు? లోపల ఎవరన్నా పలుకుతారా ఏంటి?”

వార్డంతా గొల్లుమంది. ఎస్తేరుకి నవ్వాగలేదు, ఎక్కడి దాకా తట్టిందో మరిచిపోయింది. పరీక్షకుడిగా వచ్చిన దొరగారు, ముసలమ్మ ఏమందో చెప్పమని కాంపౌండరుగారి వైపు తిరిగారు. ఆయన ఇంగ్లీషులో ఏం చెప్పారో గానీ దొరగారు నవ్వలేదు. బయటికొస్తూ ఎస్తేరు నా చెవిలో అంది: “ఎడమ పక్క స్ప్లీన్ పెరిగింది. కానీ ఆవిడ ఏదడిగినా ఉందంటుందే, జాగ్రత్త.” స్ప్లీన్ అంటే ప్లీహం. మా గోదావరి లంకల్లో చలిజ్వరం ముదిరితే పెరిగేది అదే.

నా వంతు వచ్చింది.

“చలి వస్తోందా?”

“వత్తుందండి.”

“దాహం?”

“అవుద్దండి.”

“ఎడమ పక్క నొప్పి?”

“ఉందండి.”

“మరి కుడి పక్క?”

“ఉందండి.”

“నెల తప్పిందా?”

“లేదండి.”

“కాలి గోటిలో నొప్పి?” అని పరీక్షించడానికే అడిగాను.

నూకాలు మొహమాటంగా తన కాలివైపు చూసుకుంది. “మీరు ఉందంటే ఉన్నట్టేనండి, అమ్మగారూ.”

మళ్ళీ నవ్వులు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వైపు పెద్దవాళ్ళ మాటకి ‘కాదు’ అనడం అమర్యాద. చదువుకున్న మనిషి ఉందా అని అడిగితే, లేదని ఎదురు చెబుతారా? ఆ మర్యాదతో నా కాగితమంతా ‘ఉంది’లతో నిండిపోయింది.

సరిగ్గా అప్పుడే వరండాలో బాబు ఏడ్చాడు. అత్తయ్య జోకొడుతున్నా ఆగలేదు. ఏడుపు వినగానే నా రవిక ముందు భాగం తడిసిపోయింది. పైట లాక్కున్నాను. దొరగారు కిటికీ వైపు తల తిప్పుకున్నారు.

నూకాలు నా చెంగు పట్టుకుని లాగింది. “ముందు బిడ్డకి పాలిచ్చి రండమ్మా. నేనెక్కడికి పోతాను?”

“అదీ మాట!” అంది పేరంటాలమ్మ. “జొరం కాసేపాగుద్ది, పాలాగవు.”

రెండో పరీక్షకురాలు దొరసాని డాక్టరుగారు గడియారం చూశారు. “అయిదు నిమిషాలు. నీ అరగంటలోంచే” అన్నారు. మంచం చుట్టూ తెర లాగించారు. అత్తయ్య బాబుని అందించి వెళ్ళింది.

వాడు పాలు తాగుతుంటే కాగితం మోకాలి మీద పెట్టుకుని చదువుకున్నాను. చలి, ఉంది. దాహం, ఉంది. ఎడమ, ఉంది. కుడి, ఉంది. నెల తప్పడం, లేదు. కాలిగోటి నొప్పిని కూడా కాదనలేకపోయిన మనిషి ఒక్క ప్రశ్నకే ఎదురు చెప్పింది. తడుముకోకుండా చెప్పింది.

తలెత్తేసరికి నూకాలు బాబు పాదం నిమురుతోంది.

“ఎన్నో నెలండి?”

“నాలుగు. మరి నీకు?”

ఆమె చెయ్యి ఆగింది. పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది. “ఇద్దరు పుట్టి పోయారండి. అప్పుడు ఊరంతా చెప్పుకున్నాం. అందుకే మా అత్త ఒట్టేయించుకుంది. అయిదో నెల వెళ్ళేదాకా నోటంట అనకూడదని.” నాలుగు వేళ్ళు మాత్రం చూపించింది.

“ఈ జ్వరానికి పెద్ద డోసు క్వినైన్ ఇస్తారు, నూకాలూ. అది కడుపుకి చేటు. నేను చెప్పి తీరాలి.”

“మీరూ అనకండమ్మా.” నా మణికట్టు పట్టుకుంది. “ఎవరి నోటంట వచ్చినా వచ్చినట్టేనండి.”

తెర తీశారు. బాబుని అత్తయ్య తీసుకెళ్ళింది. దొరగారు జబ్బేమిటని అడిగారు. నేనూ ఎడమ పక్క తట్టి చూసి, చలిజ్వరం, పెరిగిన స్ప్లీన్ అని చెప్పాను. మందేమిటన్నారు. ఎంత డోసో చెప్పాలంటే కారణమూ పైకి చెప్పాలి.

మళ్ళీ అడిగారు. కాంపౌండరుగారు పాపం సాయం చేద్దామని, “క్వినైను అనండమ్మా, డోసు చెప్పండి, అయిపోతుంది” అని గొణిగారు. దొరగారి కలం మార్కుల కాగితం మీదికి వెళ్ళడం చూశాను. కొట్టేసిన నా పేరు కళ్ళకు కట్టింది. పరీక్ష పోయిందనుకుంటూనే వంగి, నా కాగితం అడుగున ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను: గర్భవతి, సుమారు నాలుగో నెల. క్వినైన్ చిన్న మోతాదుల్లో, కనిపెట్టి ఉంటూ ఇవ్వాలి. దయచేసి ఈ మాట పైకి అనవద్దు, ఆమె ఒట్టులో ఉంది.

దొరగారు చదివి కనుబొమ్మలు ఎత్తారు. కాగితాన్ని దొరసానిగారి చేతిలో పెట్టారు. ఆమె మళ్ళీ తెర లాగి, లోపల చాలాసేపు ఉన్నారు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. బయటికి వచ్చాక దొరసానిగారు ఎవరితోనూ ఆ మాట అనలేదు. కాగితంలో నా వాక్యాల కింద చిన్నగా టిక్కు పెట్టి దొరగారికి తిరిగిచ్చారు. ఆ టిక్కు చూసి దొరగారు, కాంపౌండరుగారి అనువాదం అక్కర్లేకుండానే, మొదటిసారి నవ్వారు.

పేరంటాలమ్మ నావైపు వంగి, “ఏమ్మా, తలుపు తడితే పలికారా?” అంది. నూకాలు దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి కింద భుజాలు నవ్వుతో కదలడం నాకు కనిపించింది.

నేను గట్టెక్కాను. ఎస్తేరూ గట్టెక్కింది. తట్టుడు ఎక్కడాగిందో మరిచిపోయినా, స్ప్లీన్ ఎక్కడుందో మరిచిపోలేదు. సంక్రాంతి దాటాక నూకాలు కాలవ పడవలో కాన్పుకి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. నూకాలు పిల్లని నా ఒళ్ళో పెట్టి, మా బాబు ఎలా ఉన్నాడని మాత్రం అడిగింది.

అప్పటినుంచి నేను రోగిని ‘ఉందా’ అని అడగను. ‘ఎలా ఉంది, ఎప్పుడు మొదలైంది’ అని అడుగుతాను. అన్నిటికీ తలూపే మనిషి దేనికి అడ్డంగా ఊపుతుందో చూస్తాను. వార్డులో కొత్తగా చేరిన పిల్లలకీ అదే చెబుతాను.

ఈ వారం, ఇంకా ఉయ్యాల దిగని మా బాబుకి ఒళ్ళు వెచ్చబడింది. అత్తయ్య అన్నీ అడిగింది. మందు వేశావా అంటే వేశానన్నాను. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నాను. డాక్టరువి కదా, నీకు భయమేమీ లేదుగా అని అడిగింది.

“లేదండి” అన్నాను. అత్తయ్య తన చాప తెచ్చి ఉయ్యాలకి అవతలి పక్క పరుచుకుంది.