పద్దెనిమిది గంటల వెర్నా

ఫోర్ట్ వేన్ ఊళ్ళో ఆటిజం పిల్లల చికిత్సా కేంద్రాలకి ఒక అలవాటుంది. పిల్లకి వారానికి ఇరవై గంటల చికిత్స చాలనిపిస్తే కాగితం మీద నలభై అడుగుతారు. బీమా కంపెనీ ఎలాగూ కోస్తుందని వీళ్ళ ధీమా, వీళ్ళు ఎలాగూ పెంచి రాస్తారని వాళ్ళ కత్తెర. ఈ బేరానికి ‘వైద్య అవసరం’ అని గంభీరమైన పేరు.

వెర్నా హాకెట్ ఈ బేరం ఆడదు. యాభై అయిదేళ్ళ మనిషి. పదకొండేళ్ళు స్కూలు బస్సు నడిపి, ఆ తరువాత చదువుకుని, ఏ పిల్లకి ఎంత చికిత్స కావాలో తేల్చే నిపుణురాలైంది. ప్రేమ ఉంటే అన్నీ సాధ్యమే అనే రంగుల పోస్టరుని తన గది గోడ మీంచి పీకేసి, ఆ మేకుకే పిల్లల రోజువారీ లెక్కల పట్టీ తగిలించింది.

టెస్సాకి నాలుగేళ్ళు. కిందటి జులైలో వచ్చినప్పుడు నోట మాట లేదు. విసుగొస్తే తన చెయ్యి తనే రక్తం వచ్చేలా కొరుక్కునేది, రోజుకి ఇరవై సార్లు. ఆరు నెలల్లో అది మూడుకి దిగింది. కావలసింది బొమ్మల కార్డు చూపించి అడుగుతోంది. వెర్నా ఉన్నదున్నట్టు రాసి, మరో ఆరు నెలలకి వారానికి పద్దెనిమిది గంటలు అడిగింది. కేంద్రం డైరెక్టర్ కర్ట్ తల పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆవిడ బస్సులోనే బడికి వెళ్ళినవాడు కాబట్టి గట్టిగా అనలేకపోయాడు.

బీమా కంపెనీ వాళ్ళు ఎనిమిదే ఇచ్చారు. పిల్ల బాగుపడిందని మీరే రాశారుగా అని ఉత్తరం పంపారు.

ఆ ఉత్తరం పట్టుకుని టెస్సా తల్లి జోలీన్ వచ్చింది. సూపర్‌మార్కెట్లో కేకులు చేస్తుంది. “వెర్నా గారూ, బాగుపడటమే దాని తప్పా? కాస్త తక్కువ చేసి రాయాల్సింది” అంది. వెర్నాకి ఆ మాట గుచ్చుకుంది. అయినా రాసింది మార్చలేదు. ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం తెమ్మంది. పిల్ల కొరుక్కున్నప్పుడల్లా దాని మీద గీత గీయమని జోలీన్‌కి నేర్పింది వెర్నాయే.

నిర్ణయం మార్చమని అడిగితే, బీమా కంపెనీ డాక్టర్ ప్రయర్‌తో ఫోన్లో మాట్లాడటానికి వెర్నాకి పదిహేను నిమిషాలిచ్చారు.

“అందరూ నలభై అడుగుతారు. మీరు పద్దెనిమిది అన్నారు. అంటే పిల్లకి పెద్దగా ఏమీ లేదనేగా?” అన్నాడాయన.

“అంటే పద్దెనిమిదే కావాలని, డాక్టర్ గారూ.”

తరువాత వెర్నా వాదించలేదు, తన లెక్కలు చదివింది. నవంబరులో టెస్సాతో పనిచేసే అమ్మాయి సెలవు పెడితే రెండు వారాలపాటు వారానికి పది గంటలే కుదిరాయి. కొరుక్కోవడం రోజుకి మూడు కాస్తా తొమ్మిదయింది. మొన్న మంచు పడి ఎనిమిది రోజులు కేంద్రం మూసేశారు. ఆఖరి రోజు ఫ్రిజ్ మీద గీతలు పదిహేడు. మొదట్లో, జులైలో, వారానికి నలభై గంటలూ చేసి చూశారు. మధ్యాహ్నం దాటాక పిల్ల నిద్రకి తూగడమే తప్ప కొత్తగా నేర్చింది ఒక్కటీ లేదు.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. “గంటలు ఎప్పుడు తగ్గిస్తారు?”

“కొరుక్కోవడం రెండు నెలలు వరసగా రోజుకి ఒకటి దాటకపోతే పన్నెండుకి దింపుతాను. నాలుగో పేజీలో ఉంది.”

“ఇది ఎవరూ రాయరండీ.”

“మీరు చదవరనుకుంటారేమో.”

ఆయన నవ్వాడు. పద్దెనిమిదీ ఇచ్చాడు.

కర్ట్‌కి మాత్రం మనసు ఊరుకోలేదు. “నలభై అడిగుంటే ఇరవై ఏడన్నా వచ్చేవి కదండీ.”

“ఆ పై తొమ్మిది గంటలూ ఏం చేయించమంటావు నాయనా, నిద్రేగా? అది ఇంట్లో పోతుంది.”

సోమవారం పొద్దున్న టెస్సా వచ్చింది. మంచు సెలవుల దెబ్బ ఇంకా తీరలేదు. ఆ రోజు పదకొండు సార్లు కొరుక్కుంది. వెర్నా పదకొండే రాసింది.